నకిలీ పెన్‌డ్రైవ్, పవర్‌బ్యాంక్ బారిన పడకుండా ఆన్‌లైన్‌లో ఎలా కొనాలి?

మా బావమరిది ఒక షాపింగ్ యాప్‌లో 599 రూపాయలకు 2 టీబీ పెన్‌డ్రైవ్ తెప్పించాడు. కంప్యూటర్‌కి పెడితే 2 టీబీ అనే చూపించింది. కూతురి అన్నప్రాసన వీడియోలన్నీ అందులోకి ఎక్కించాడు. నెల తర్వాత చూస్తే ఫైళ్ల పేర్లున్నాయి, ఒక్కటీ తెరుచుకోదు. రిటర్న్ గడువు అప్పటికే దాటిపోయింది.

నకిలీ సరుకు మొదటి రోజే మొరాయిస్తే గొడవే లేదు, వెనక్కి పంపేస్తాం. గడువు దాటేదాకా బుద్ధిగా నటించడమే దాని విద్య. ఆ లోపే దాన్ని పట్టుకోవాలి.

1. కొనే ముందు లెక్క వేయండి

10,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంక్ సుమారు 200 గ్రాములు తూగుతుంది. అదే బరువులో 50,000 అని ఎవరైనా రాస్తే అది అబద్ధమే. ఇంకో మాట: లోపలి సెల్ 3.7 వోల్టులది, బయటికిచ్చేది 5 వోల్టులు. అందుకే అసలైన 10,000 బ్యాంకు కూడా ఫోన్‌కి ఇచ్చేది 6,000 చిల్లరే. పేరున్న కంపెనీలు దీన్ని ‘రేటెడ్ కెపాసిటీ’ అని సన్నక్షరాల్లో వేస్తాయి. అది చూసి నకిలీ అని కంగారు పడొద్దు, ఆ లైను లేకపోతేనే అనుమానించండి.

2. అమ్మేదెవరో చూడండి

పేజీ పైన బ్రాండ్ పేరుంటుంది, పంపేది మాత్రం ఇంకెవరో. ‘సోల్డ్ బై’ దగ్గర నొక్కండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మేవాళ్ల పేరు, చిరునామా అక్కడ కనబడాలి. స్టార్లు చూసి మురిసిపోకుండా కొత్త రివ్యూలు, ఒక్క స్టార్ ఇచ్చినవి చదవండి. ఛార్జర్ పేజీలో ‘దుప్పటి మెత్తగా ఉంది’ అని కనిపిస్తే, పాత సరుకు రివ్యూల కింద కొత్త సరుకు పెట్టారన్నమాట.

3. పెట్టె విప్పుతూ వీడియో తీయండి

పార్సిల్ మీది లేబుల్ నుంచి మొదలుపెట్టి మధ్యలో ఆపకుండా తీయండి. ఎమ్మార్పీ, తయారీదారు లేదా దిగుమతిదారు వివరాలు ఉన్నాయో లేదో చూసుకోండి.

4. నంబర్లు సరిచూడండి

ఛార్జర్, పవర్‌బ్యాంక్, ఫోన్ మీద ‘ఆర్-’ తర్వాత 8 అంకెల బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) నంబరుంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టండి. నంబరు దొరికిందని ఊరుకోకండి, దాన్ని కాపీ కొట్టడం తేలికే. యాప్ చూపించే కంపెనీ, వస్తువు మీ చేతిలోదానితో కలవాలి. ఫోనైతే *#06# నొక్కి ఐఎంఈఐ (ఒక్కో ఫోన్‌కి ఉండే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) తెలుసుకుని, ‘కేవైఎం’ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి, ఖాళీ వదిలి, 15 అంకెలూ రాసి 14422కి మెసేజ్ పంపండి. జవాబులో వచ్చే వివరాలు మీ ఫోన్‌తో కలవాలి. పెట్టె మీది నంబరూ అదే కావాలి.

5. పెన్‌డ్రైవ్, మెమరీ కార్డులను నింపి చూడండి

అసలు కిటుకు ఇక్కడుంది. లోపల 32 జీబీ చిప్ పెట్టి, 2 టీబీ అని చెప్పేలా దాని కంట్రోలర్‌ని (డ్రైవ్‌ని నడిపే చిన్న చిప్‌ని) మార్చేస్తారు. కంప్యూటర్ ఆ మాట నమ్మేస్తుంది. 32 దాటాక వచ్చే ఫైళ్లు పాతవాటి మీద పడతాయి, లేదా గాల్లో కలుస్తాయి. పేర్లు మాత్రం మిగులుతాయి. అందుకే పైపైన చూస్తే ఏమీ తెలియదు. విండోస్‌లో ‘హెచ్2టెస్ట్‌డబ్ల్యూ’, మ్యాక్, లినక్స్‌లో ‘ఎఫ్3’ అనే ఉచిత ప్రోగ్రాములు డ్రైవ్ మొత్తాన్ని నింపి, తిరిగి చదివి, నిజం చెబుతాయి. గంటలు పడుతుంది, రాత్రి పెట్టి పడుకోండి. మీ ఫైళ్లేవీ ఎక్కించకముందే ఇది చేయాలి.

6. నకిలీ అని తేలితే

రిటర్న్ కారణంగా ‘నచ్చలేదు’ అని కాకుండా ‘నకిలీ’ అనే రాయండి. పరీక్ష స్క్రీన్‌షాట్, వీడియో జతచేయండి. వాళ్లు తిప్పుకుంటుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆర్డర్ నంబరు దగ్గర పెట్టుకోండి.