మూసీ ఒడ్డున ఇల్లుంటే: ఖాళీ చేసే ముందు జాగ్రత్తలు

హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తారని వార్త వచ్చిందంటే, చాదర్‌ఘాట్, మూసారాంబాగ్ లోతట్టులో ఉన్నవాళ్లు గుమ్మం తడిసేదాకా ఆగకండి. వెలుతురు ఉండగానే బయల్దేరండి.

• ఆధార్, ఇంటి కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు రెండు ప్లాస్టిక్ కవర్లలో పెట్టి గట్టిగా ముడేయండి. 2020 అక్టోబరు వరదలో మా పిన్ని వాళ్ల కాగితాలు బీరువా కింది అరలోనే ముద్దయిపోయాయి. ఒక్కో పేజీ విడదీసి ఫ్యాను కింద ఆరబెడుతుంటే సిరా చేతికంటింది. మీ కాగితాల సంచి వానాకాలమంతా తలుపు పక్క మేకుకే వేలాడాలి.

• బీపీ, షుగర్ మాత్రలు వారానికి సరిపడా.

• గ్యాస్ రెగ్యులేటర్ కట్టేయండి, మెయిన్ ఆఫ్ చేయండి. నేల మీద అప్పటికే నీళ్లుంటే మాత్రం స్విచ్‌బోర్డు ముట్టుకోవద్దు.

• బండి కోసం సెల్లార్‌లోకి దిగొద్దు. దయచేసి దిగొద్దు. బండి మళ్లీ కొనుక్కోవచ్చు.

• పారే నీళ్లు మోకాలి లోతున్నా మనిషిని పడేస్తాయి, అటు వెళ్లకండి. నిలిచిన నీళ్లలో నడవక తప్పకపోతే కర్రతో తడుముతూ వెళ్లండి, మ్యాన్‌హోల్ కంటికి కనిపించదు.

• చిక్కుకుపోతే మేడెక్కి 112కు ఫోన్ చేయండి.

తిరిగొచ్చాక ఎలక్ట్రీషియన్ చూసేదాకా కరెంటు వేయొద్దు. సంపు కడిగించేదాకా ఆ నీళ్లు తాగొద్దు.