తప్పు గేజ్‌ది కాదు, టేపుది

శ్రీశైలం ఘాట్‌లో నా టర్బో కారు ఆయిల్ ఎంత కాగుతోందో చూద్దామని గేజ్ పెట్టాను. ఆయిల్ ఫిల్టర్‌కీ ఇంజిన్‌కీ మధ్య శాండ్‌విచ్ ప్లేట్ బిగించి, దాంట్లో సెన్సర్ ఎక్కించాను. లీకవుతుందేమోనన్న టెన్షన్‌తో థ్రెడ్‌కి టెఫ్లాన్ టేపు నాలుగు చుట్లు చుట్టాను. అరగంట నడిపినా ముల్లు 50 డిగ్రీలు దాటలేదు. పాపం, గేజ్‌నే తిట్టుకున్నాను.

మల్టీమీటర్ పెడితే సెన్సర్ ఒంటికీ బ్యాటరీ నెగెటివ్‌కీ మధ్య వందల ఓమ్‌లు! ఒకే వైరున్న సెన్సర్‌కి ఎర్త్ అందేది ఆ థ్రెడ్ గుండానే మరి; టేపు దానికి అడ్డుపడేసరికి గేజ్ వేడిని తక్కువగా చూపించింది. టేపు మొత్తం గీకేసి, సీలెంట్ చుక్క రాసి, మళ్లీ బిగించాను. ఓమ్‌లు దాదాపు సున్నాకి దిగాయి.

ఇప్పుడు కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) ముల్లు మధ్యకొచ్చిన చాలాసేపటికి గానీ ఆయిల్ 90కి చేరడం లేదు. అందాకా యాక్సిలరేటర్ గట్టిగా తొక్కను.