రిమోట్‌తో ఆపితే కరెంటు ఆగదండీ, మీటర్ దగ్గరికెళ్లి చూడండి

రాత్రి పడుకునేముందు లైట్లన్నీ ఆపేస్తాం కానీ సెటాప్ బాక్స్‌ని మాత్రం రిమోట్ నొక్కి వదిలేస్తాం, అది తెల్లార్లూ కరెంటు లాగుతూనే ఉంటుంది. ఎంత లాగుతుందో మీ ఇంటి మీటరే చెప్తుంది, ఏమీ కొనక్కర్లేదు.

మీటర్ మీద చిన్న ఎర్ర లైటు మెరుస్తుంటుంది, దాని దగ్గర 3200 అనో 1600 అనో ఒక నంబరుంటుంది, అన్నిసార్లు మెరిస్తే ఒక యూనిట్ అన్నమాట. ఫ్రిజ్, ఇన్వర్టర్ ఛార్జింగ్ ఒక పది నిమిషాలు ఆపండి, లైట్లు ఫ్యాన్లు కూడా, మిగతావి మామూలుగా రాత్రిపూట ఎలా వదిలేస్తారో అలాగే ఉంచండి. మా అపార్ట్‌మెంట్లో మీటర్లు కింద సెల్లార్‌లో ఉన్నాయి, అందుకే నేను కింద నిలబడి ఫోన్లో చెప్తుంటే మా ఆవిడ పైన ఒక్కో స్విచ్ ఆపింది. ఒకసారి మెరిశాక మళ్లీ మెరవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూసి, 3200 మీటరైతే 1125ని ఆ సెకన్లతో భాగించండి (1600 అయితే 2250ని), వచ్చిందే వాట్లు. మాకు 30 సెకన్లు, అంటే 37 వాట్ల పైనే, రోజంతా అలాగే లాగితే నెలకి 27 యూనిట్లు! రెండు సెటాప్ బాక్సులు స్విచ్ దగ్గర ఆపగానే 75 సెకన్లకి పోయింది, అంటే 15 వాట్లే.

తెలంగాణలో గృహజ్యోతి (ఉచిత కరెంటు పథకం) ఉన్నవాళ్లకి నెలకి 200 యూనిట్లు దాటితే ఆ నెల జీరో బిల్లు పోతుంది కాబట్టి ఈ పదీ పదిహేను యూనిట్లు చాలా పెద్ద విషయం.

తర్వాత చూడాల్సింది ఏసీ స్టెబిలైజర్, ఏసీ వాడని చలికాలమంతా కూడా అది ఆన్‌లోనే ఉంటుంది, ఎంసీబీ దించేయండి. గీజర్ కూడా స్నానాలయ్యాక ఆపాల్సిందే, లేకపోతే నీళ్లు చల్లారినప్పుడల్లా మళ్లీ కాగుతుంది. ఫోన్ ఛార్జర్ గురించి అందరూ ఇంట్లో గొడవపడతారు గానీ ఫోన్ పెట్టని మంచి ఛార్జర్ లాగేది అర వాట్ లోపే, దాన్ని వదిలేయండి.

టీవీ వెనక ప్లగ్ అందకపోతే హైదరాబాద్ ట్రూప్ బజార్‌లో ఒక్కోదానికి విడి స్విచ్ ఉండే ఎక్స్‌టెన్షన్ బోర్డు తెచ్చుకుని చెయ్యి అందేచోట పెట్టండి, లేకపోతే రెండ్రోజులు ఆపి మానేస్తాం. పొద్దున బాక్స్ ఆన్ అవడానికి ఒకట్రెండు నిమిషాలు పడుతుంది, రాత్రి రికార్డింగ్ పెట్టుకుంటే మాత్రం ఆపకండి. ప్రింటర్‌ని ముందు దాని బటన్‌తో ఆపి అప్పుడు ప్లగ్ తీయండి.