బోటు షాఫ్టు గ్లాండు, బుష్‌ల మరమ్మతు

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేటపై నిషేధం ఉంటుంది. విశాఖ, కాకినాడ రేవుల్లోని బోట్లను ఒడ్డెక్కించి అడుగుభాగం చూసుకోవడానికి అంతకు మించిన అదను లేదు. వలలు, రంగులు, ఇంజను ఓవర్‌హాలు ఎవరికైనా గుర్తుంటాయి గానీ, ప్రొపెల్లర్ షాఫ్టు పడవలోంచి బయటికి వెళ్లే చోటు మాత్రం నీళ్లు ధారగా కారేదాకా ఎవరి కంటా పడదు.

కారడం మొదలయ్యాక కూడా చేసేది ఒక్కటే, గ్లాండు (షాఫ్టు చుట్టూ నీరు లోపలికి రాకుండా ఆపే బిగింపు) నట్లు బిగించడం. కొన్నాళ్లు ఆగుతుంది, మళ్లీ కారుతుంది, మళ్లీ బిగిస్తారు. ఈలోగా లోపలి ప్యాకింగ్, అంటే షాఫ్టు చుట్టూ కూరిన తాడు, తడి అందక ఎండి, గట్టిపడి, తిరిగే షాఫ్టునే అరగదీస్తుంది. నిజానికి చాలా బోట్లలో తప్పు ప్యాకింగ్‌ది కాదు. ప్రొపెల్లర్‌కు ముందుండే బుష్ (షాఫ్టు తిరిగే గొట్టం లాంటి ఆధారం) అరిగిపోయి షాఫ్టు ఊగుతుంటే, ఎంత మంచి ప్యాకింగ్ వేసినా అది ప్రతి వేటకూ వదులవుతూనే ఉంటుంది. అందుకే పని బయటి నుంచి, బుష్ దగ్గరే మొదలుపెట్టాలి.

బోటు ఒడ్డున నిలిచాక ప్రొపెల్లర్‌ను రెండు చేతులతో పట్టుకుని పైకీ కిందికీ, పక్కలకీ కదిపి చూడాలి. షాఫ్టుకూ బుష్‌కూ మధ్య ఫీలర్ గేజి (సందు కొలిచే పలుచని రేకులు) పెట్టి సందును చుట్టూ నాలుగు చోట్ల కొలిచి రాసుకోవాలి. 50 మి.మీ. షాఫ్టుకు 2 మి.మీ. ఆట కనిపిస్తే నేనైతే ఇంకో ఏడాదికి వాయిదా వేయను. సందు ఒకవైపే ఎక్కువగా ఉంటే అది మామూలు అరుగుదల కాదు, ఇంజనూ షాఫ్టూ ఒకే వరుసలో లేవని అర్థం. ఇసుక, ఒండ్రు కలిసిన మొగల్లోంచి రోజూ రాకపోకలు సాగించే బోట్లలో నీటితోనే తడిసే రబ్బరు బుష్‌లు త్వరగా అరుగుతాయి. షాఫ్టుకు చుట్టుకున్న నైలాను వల ముక్కలను కూడా ఇప్పుడే కోసి తీసేయాలి.

ప్రొపెల్లర్‌ను పుల్లర్‌తోనే (మరతో లాగి ఊడదీసే పనిముట్టు) ఊడదీయాలి. సుత్తితో కొడితే షాఫ్టు వంగే ప్రమాదముంది. గేర్‌బాక్సు వైపు కప్లింగ్ (షాఫ్టును గేర్‌బాక్సుకు కలిపే బిళ్లల జత) విప్పి, గ్లాండు వదులు చేసి షాఫ్టును వెనక్కి లాగేటప్పుడు చుక్కాని అడ్డొస్తుందేమో ముందే చూసుకోవాలి. కొన్ని బోట్లలో ముందు చుక్కానిని దింపక తప్పదు.

పాత బుష్‌ను పట్టి ఉంచే చిన్న మరలను పూర్తిగా వెనక్కి తిప్పాకే దాన్ని కదిలించాలి. పుల్లర్‌కు లొంగకపోతే రంధ్రంలోంచి హాక్సా బ్లేడును దూర్చి, తర్వాత ఫ్రేముకు తగిలించి, బుష్ గోడను పొడవునా రెండు చోట్ల కోసి లోపలికి మడిచి తీయవచ్చు. కొత్త బుష్ చివర కొలిస్తే గోడ మందమెంతో తెలుస్తుంది. ఆ లోతు దగ్గరపడగానే చేయి నెమ్మదించాలి, ఎందుకంటే బ్లేడు హౌసింగ్‌లోకి (బుష్ కూర్చునే గూడు) దిగితే ఆ గాటును పూడ్చడం బుష్ మార్చడం కన్నా పెద్ద పని. కొత్తదాన్ని కాసేపు ఐసులో ఉంచి, సబ్బునీరు రాసి నొక్కితే సాఫీగా దిగుతుంది. నూనె, గ్రీజు రబ్బరును చెడగొడతాయి కాబట్టి వాటి జోలికి పోకూడదు. పట్టుమరల మొన గుచ్చుకునే చోట బుష్ పైన చిన్న గుంట పెట్టుకోవాలి. లేకపోతే మర బిగిసేకొద్దీ గోడ లోపలికి నొక్కుకుని షాఫ్టును పట్టేస్తుంది.

షాఫ్టు బయట ఉండగానే దాన్ని దిమ్మెల మీద తిప్పి వంపు చూడాలి. ప్యాకింగ్ కూర్చునే చోట గోరుతో అడ్డంగా గీస్తే గాడి తగులుతుందా అన్నదే అసలు పరీక్ష. గోరు ఆగేంత లోతు గాడి ఉంటే కొత్త ప్యాకింగ్ అక్కడ నిలవదు, లేతు పనివారి దగ్గరికి పంపాల్సిందే. ప్రొపెల్లర్ తిరిగి ఎక్కించేటప్పుడు ముందు కీ (ప్రొపెల్లర్ షాఫ్టు మీద జారి తిరగకుండా పట్టే లోహపు ముక్క) లేకుండా తోసి, అది ఆగినచోట గుర్తు పెట్టాలి. తర్వాత కీ వేశాక కూడా అదే గుర్తు దాకా రావాలి. రాకపోతే ప్రొపెల్లర్ షాఫ్టు మీద కాక కీ మీద కూర్చుందన్న మాట.

ఇక ప్యాకింగ్. షాఫ్టు 50 మి.మీ., ప్యాకింగ్ కూరే గ్లాండు పెట్టె లోపలి వ్యాసం 70 మి.మీ. అయితే 10 మి.మీ. చదరపు తాడు కావాలి. ఉప్పునీటిలో స్టెయిన్‌లెస్ స్టీలు షాఫ్టుకు గ్రాఫైట్ కలిసిన రకం తుప్పు రేపుతుంది కాబట్టి వద్దు. పాత చుట్లన్నిటినీ కొక్కెంతో లాగి, లోపలిదాకా లైటు వేసి చూసుకోవాలి. నేను మొదటిసారి చేసినప్పుడు అట్టడుగున ఒక చుట్టు మిగిలిపోయింది, దాని పైనే కొత్తవి నింపాను, నెల తిరక్కుండానే షాఫ్టు మీద మెరిసే గీత పడింది. తాడును స్ప్రింగులా ఒకే ముక్కగా చుట్టకూడదు. షాఫ్టు అంతే లావున్న పైపుకు చుట్టి, విడివిడి రింగులుగా ఏటవాలుగా కోయాలి. కొసలు సందు లేకుండా, ఒకదానిపై ఒకటి ఎక్కకుండా కలవాలి. ఒక్కొక్క రింగునూ వేరుగా లోపలికి నెట్టుతూ, అతుకులు ఒకే వరుసలో పడకుండా మూడో వంతు చొప్పున తిప్పుతూ పోవాలి. గ్రీజు రంధ్రమున్న గ్లాండులో దాని ఎదుట ఉండాల్సిన లోహపు రింగు మళ్లీ అక్కడికే రావాలి. నట్లను ప్రస్తుతానికి చేతితోనే బిగించాలి.

బోటు నీటిలోకి దిగాక ఒకటి రెండు రోజులు ఆగి, అప్పుడు కప్లింగ్ కలపాలి. ఒడ్డున నిలిచిన పడవ ఆకారం నీటిలో కొంత మారుతుంది, ఒడ్డునే సరిచూస్తే ఆ కొలత పనికిరాదు. కప్లింగ్ ముఖాల మధ్య సందును నాలుగు వైపులా గేజితో చూస్తే, 100 మి.మీ. కప్లింగ్‌కు తేడా 0.1 మి.మీ. దాటకూడదు. దాటితే ఇంజను కాళ్ల కింద షిమ్ములు (ఎత్తు సరిచేసే పలుచని రేకులు) మార్చాలి.

తర్వాత ఇంజను వేసి, షాఫ్టు తిరుగుతుండగా గ్లాండు నుంచి నిమిషానికి కొన్ని చుక్కలు రాలేట్టు చూడాలి. ఆ చుక్కలే ప్యాకింగ్‌ను చల్లబరుస్తాయి, పూర్తిగా ఆపాలనుకోవడం పొరపాటు. ఎక్కువ కారితే రెండు నట్లనూ సమానంగా, ఒక్కో పలక చొప్పున తిప్పి పావుగంట ఆగాలి. ఇంజను ఆపి గ్లాండు మీద చేయి పెడితే గోరువెచ్చగా ఉండవచ్చు, చేయి నిలవనంత వేడైతే వదులు చేయాలి. కొత్త ప్యాకింగ్ మొదటి వేటలో కొంత అణగుతుంది కాబట్టి, బోటు రేవుకు తిరిగి రాగానే సరంగు ఆ నట్లను మరోసారి చూసుకోవాలి.