వైద్య పదాలు నేర్చుకుందాం – 3: మాట చివర ఏముందో చూడండి

పోయిన పాఠంలో పదాల మొదటి ముక్కలు, మధ్య ముక్కలు చూశాం. హైపర్ అంటే ఎక్కువ, హైపో అంటే తక్కువ. ట్యాకీ అంటే వేగం, బ్రాడీ అంటే నెమ్మది. కార్డియో అంటే గుండె, హెపటో అంటే లివర్, నెఫ్రో అంటే కిడ్నీ, ఆర్థ్రో అంటే కీలు. ఈసారి చివరి ముక్క సంగతి చూద్దాం. ఈ పాఠాలన్నిటిలోకీ ఎక్కువగా అక్కరకొచ్చేది ఇదేనని నా నమ్మకం. మధ్య ముక్క ఏ అవయవమో చెబుతుంది. అక్కడ ఏం జరిగిందో, ఏం చేశారో చెప్పేది చివరి ముక్క. అందుకే రిపోర్టులో కొత్త పదం కనబడితే చివర నుంచి మొదటికి చదవడం అలవాటు చేసుకోండి.

ముందు పోయినసారి అభ్యాసానికి జవాబులు. బ్రాడీకార్డియా అంటే గుండె నెమ్మదిగా కొట్టుకోవడం. పెద్దవాళ్లు విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 60 కంటే తగ్గితే అలా రాస్తారు. బాగా వ్యాయామం చేసే క్రీడాకారుల్లో ఇది మామూలుగానే ఉండొచ్చు. ట్యాకీకార్డియా అంటే 100 దాటడం. హైపోథైరాయిడిజం అంటే థైరాయిడ్ హార్మోన్ తక్కువగా తయారవడం. ఇక్కడ చాలామంది తికమకపడతారు. రిపోర్టులో టీఎస్‌హెచ్ పెరిగి ఉంటుంది, డాక్టరేమో ‘హైపో’ అని రాస్తారు. టీఎస్‌హెచ్ థైరాయిడ్ తయారుచేసేది కాదు. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి ‘ఇంకా హార్మోన్ తయారుచెయ్యి’ అని థైరాయిడ్‌కి పంపే కబురు అది. థైరాయిడ్ మందగించేకొద్దీ ఆ కబుర్లు ఎక్కువవుతాయి. కాబట్టి టీఎస్‌హెచ్ పెరగడం, ‘హైపో’ అని రాయడం ఒకదానికొకటి సరిపోయే విషయాలే.

ఇక ఈరోజు పాఠం.

అన్నిటికంటే ఎక్కువగా కనబడే చివరి ముక్క ‘ఐటిస్’. దీని అర్థం ఇన్‌ఫ్లమేషన్, అంటే వాపు. ఆర్థరైటిస్ కీళ్ల వాపు, హెపటైటిస్ లివర్ వాపు, గ్యాస్ట్రైటిస్ కడుపు లోపలి పొర వాపు, టాన్సిలైటిస్ టాన్సిల్స్ వాపు, డెర్మటైటిస్ చర్మానికి వచ్చే వాపు. ఇక్కడ వాపు అంటే కేవలం ఉబ్బడం అనుకోవద్దు. ఎరుపు, వేడి, ఉబ్బు, నొప్పి అనే నాలుగు లక్షణాలనూ కలిపి ఇన్‌ఫ్లమేషన్‌గా గుర్తించాలని క్రీస్తు శకం ఒకటో శతాబ్దంలోనే రోమన్ రచయిత సెల్సస్ రాసిపెట్టాడు. వైద్య విద్యార్థులు ఇప్పటికీ ఆ నాలుగిటినీ చదువుకుంటారు.

ఒక మాట బాగా గుర్తుపెట్టుకోండి. ఐటిస్ అంటే ఇన్‌ఫెక్షన్ అని కాదు. ఇన్‌ఫెక్షన్ వల్ల వాపు రావచ్చు, వేరే కారణాల వల్లా రావచ్చు. హెపటైటిస్ వైరస్‌తో వస్తుంది, మద్యంతో వస్తుంది, కొన్ని మందుల వల్ల వస్తుంది, మన రోగనిరోధక వ్యవస్థే లివర్ మీద దాడి చేసినా వస్తుంది. ఆ పదం వినగానే ఇంట్లోవాళ్లు గ్లాసులు, కంచాలు వేరు చేసేస్తారు. ఆ రోగికి ఎంత బాధగా ఉంటుందో ఆలోచించండి. రుమటాయిడ్ ఆర్థరైటిస్ కూడా అంతే, అది అంటుకునే జబ్బు కాదు. కాబట్టి ఐటిస్ అని వినబడితే వెంటనే అడగాల్సిన ప్రశ్న ‘ఇది దేనివల్ల వచ్చింది, డాక్టర్‌గారూ?’ అని. పేరు వాపు ఉన్న చోటు చెబుతుంది, కారణం చెప్పదు. చికిత్సేమో కారణాన్ని బట్టే ఉంటుంది. యాంటీబయాటిక్ అన్ని ఐటిస్‌లకూ మందు కాదు.

దీని పక్కనే ఉండే ఇంకో ముక్క ‘ఓసిస్’. ఇది ఒక స్థితిని, చాలాసార్లు నెమ్మదిగా ముదిరిన మార్పును చెబుతుంది. ఫైబ్రోసిస్ అంటే మెత్తగా ఉండాల్సిన చోట మచ్చ కట్టినట్టు గట్టిపడటం. స్టెనోసిస్ అంటే దారి ఇరుకవడం. థ్రాంబోసిస్ అంటే రక్తనాళంలో రక్తం గడ్డకట్టడం, ఇది మాత్రం ఉన్నట్టుండి రావచ్చు. మెడనొప్పి అనగానే అందరి నోటా వచ్చే మాట స్పాండిలైటిస్. కానీ వయసుతోపాటు మెడ ఎముకల్లో, డిస్కుల్లో వచ్చే అరుగుదల పేరు స్పాండిలోసిస్. ఎక్స్‌రే రిపోర్టులో మీకు ఎక్కువగా కనబడేది ఈ రెండోదే.

‘ఓమా’ దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే గుండెలు జారిపోయేది ఇక్కడే. ఓమా అంటే గడ్డ. ఏ గడ్డ అన్నది ముందున్న ముక్క చెప్పాలి. లైపోమా కొవ్వు గడ్డ, మామూలుగా ప్రమాదం లేనిది. ఫైబ్రోమా కూడా క్యాన్సర్ కాదు. హెమటోమా అసలు కణితే కాదు, దెబ్బ తగిలినచోట లోపల రక్తం చేరి కట్టిన గడ్డ. అయితే అది కాలి మీద ఉండటం వేరు, తల లోపల ఉండటం వేరు. కార్సినోమా, సార్కోమా అంటే క్యాన్సర్లు. లింఫోమా, మెలనోమా పేర్లు మెత్తగా వినిపిస్తాయి గానీ అవీ క్యాన్సర్లే. గ్లాకోమాలో ఓమా ఉన్నా అక్కడ గడ్డ ఏమీ ఉండదు, అది కంటి నరం దెబ్బతినే జబ్బు. ఒక్క ఓమాని చూసి భయపడొద్దు, ఒక్క ఓమాని చూసి తేలిగ్గానూ తీసుకోవద్దు. రిపోర్టులో ఆ పదానికి అటూ ఇటూ ‘బినైన్’ అని ఉందా, ‘మాలిగ్నెంట్’ అని ఉందా చూడండి. మొదటిది క్యాన్సర్ కానిది, రెండోది క్యాన్సర్.

‘ఈమియా’ అంటే రక్తంలో. హైపోగ్లైసీమియా అంటే రక్తంలో గ్లూకోజ్ తగ్గడం, హైపోనేట్రీమియా అంటే రక్తంలో సోడియం తగ్గడం. ‘యూరియా’ అంటే మూత్రంలో. హెమటూరియా అంటే మూత్రంలో రక్తం, ప్రొటీన్యూరియా అంటే మూత్రంలో ప్రొటీన్. తెలుగులో రాసినప్పుడు ఇక్కడొక చిక్కు ఉంది. కిడ్నీ పరీక్షల్లో కనబడే ‘బ్లడ్ యూరియా’ వేరు. అది రక్తంలో ఉండే ఒక వ్యర్థ పదార్థం పేరు. పదం చివర అతుక్కుని వస్తే మూత్రం సంగతి, విడిగా నిలబడితే ఆ పదార్థం సంగతి అని గుర్తుపెట్టుకుంటే చాలు.

‘పీనియా’ అంటే తగ్గుదల. థ్రాంబోసైటోపీనియా అని బారెడు పదం చూస్తే టెన్షన్ వస్తుంది గానీ, దాని అర్థం ప్లేట్‌లెట్లు తక్కువ ఉన్నాయని, అంతే. మామూలుగా మైక్రోలీటరుకు 1,50,000 నుంచి 4,50,000 దాకా ఉంటాయి. 1,40,000 ఉన్నా అదే పదం, 14,000 ఉన్నా అదే పదం. ఈ రెండిటికీ మధ్య ఉన్న తేడా పదంలో లేదు, అంకెలో ఉంది. ‘ఆల్జియా’ అంటే నొప్పి, ‘మెగలీ’ అంటే పెద్దదవడం, ‘పతీ’ అంటే ఆ భాగానికి వచ్చిన జబ్బు. షుగర్ ఉన్నవాళ్ల ఫైళ్లలో ఈ పతీలు మూడు తరచూ కనబడతాయి. రెటినోపతీ కంటికి, నెఫ్రోపతీ కిడ్నీకి, న్యూరోపతీ నరాలకు.

ఇప్పటిదాకా చూసినవి జబ్బుల పేర్ల చివర వచ్చేవి. ఇక పరీక్షలు, ఆపరేషన్ల పేర్ల చివర వచ్చేవి చూద్దాం. ఇక్కడ తేడా తెలియకుండా సంతకం పెట్టకూడదు.

‘స్కోపీ’ అంటే గొట్టంతో లోపలికి చూడటం. ‘గ్రామ్’ అంటే బొమ్మ తీయడం లేదా గీత నమోదు చేయడం. ‘ఎక్టమీ’ అంటే తీసేయడం. ‘ఆటమీ’ అంటే కోసి తెరవడం. ‘ఆస్టమీ’ అంటే దారి ఏర్పాటు చేయడం. ‘ప్లాస్టీ’ అంటే సరిచేయడం. ఒకే అవయవం మీద వీటిని పెట్టి చూస్తే తేడా కళ్లకు కడుతుంది. పెద్దపేగునే తీసుకోండి. కొలనోస్కోపీ అంటే కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూడటం. కొలెక్టమీ అంటే పెద్దపేగును కొంతగానీ మొత్తంగానీ తీసేయడం. కొలాస్టమీ అంటే పొట్ట మీద దారి చేసి పేగును అక్కడికి తెరవడం. మలం ఆ దారిలో బయటికి వచ్చి సంచిలో చేరుతుంది. మొదటిది పరీక్ష, మామూలుగా ఆరోజే ఇంటికి వెళ్లిపోవచ్చు. మూడోది కొన్నాళ్లో, జీవితాంతమో రోజువారీ పనులను మార్చేసేది. హడావిడిలో వింటే ఈ మూడూ దాదాపు ఒకలాగే వినిపిస్తాయి. అందుకే కాగితం చేతికిచ్చినప్పుడు మొహమాటపడకుండా అడగండి: ‘చూడటానికా, తీసేయడానికా, దారి పెట్టడానికా? దారి పెడితే తర్వాత మూసేస్తారా?’ ఈ ప్రశ్న అడగడం రోగి హక్కు. మంచి డాక్టర్ దీనికి విసుక్కోరు.

యాంజియోగ్రామ్, యాంజియోప్లాస్టీల మధ్య కూడా ఇదే గందరగోళం. యాంజియో అంటే రక్తనాళం. యాంజియోగ్రామ్‌లో రక్తనాళంలోకి ప్రత్యేకమైన మందు పంపి, ఎక్స్‌రేతో అడ్డం ఎక్కడుందో బొమ్మ తీస్తారు. యాంజియోప్లాస్టీలో ఆ అడ్డం ఉన్నచోట చిన్న బెలూన్ ఉబ్బించి దారి వెడల్పు చేస్తారు, చాలాసార్లు స్టెంట్ కూడా పెడతారు. మెలకువగా ఉన్న మనిషికి గుండె ధమనిలో ఈ బెలూన్ చికిత్సను మొదటిసారి 1977లో ఆండ్రియాస్ గ్రుంట్జిగ్ జ్యూరిక్‌లో చేశాడు. చాలాచోట్ల యాంజియోగ్రామ్ బల్ల మీదే, అవసరమైతే ప్లాస్టీ కూడా చేసేస్తారు. కాబట్టి సంతకం పెట్టే కాగితంలో రెండు పేర్లూ ఉన్నాయా, ఒక్కటే ఉందా అన్నది ముందే చూసుకోవాలి.

పదం అర్థమైనా తీవ్రత అర్థం కాదని ప్లేట్‌లెట్ల దగ్గర చూశాం. ‘అక్యూట్’, ‘క్రానిక్’ అన్న మాటలు కూడా తీవ్రతను చెప్పవు. అక్యూట్ అంటే ఉన్నట్టుండి మొదలైనది, క్రానిక్ అంటే చాలాకాలంగా ఉన్నది. అక్యూట్ నాసోఫారింజైటిస్ అని రాస్తే ఎంత పెద్ద రోగమో అనిపిస్తుంది. ముక్కు, గొంతు, వాపు, ఉన్నట్టుండి... అంటే జలుబు! గుండెపోటునూ అక్యూట్ అనే అంటారు. తీవ్రత తెలియాలంటే ‘మైల్డ్’, ‘మోడరేట్’, ‘సివియర్’ అన్న మాటల కోసం వెతకాలి.

ఇప్పుడు నేర్చుకున్నదంతా ఒక డిశ్చార్జ్ సమ్మరీలో పెట్టి చూద్దాం. ఇలాంటి వాక్యం మీకు ఎక్కడైనా తారసపడొచ్చు:

‘అక్యూట్ కాలిక్యులస్ కొలిసిస్టైటిస్. స్టేటస్ పోస్ట్ లాపరోస్కోపిక్ కొలిసిస్టెక్టమీ. పోస్ట్ ఆపరేటివ్ పీరియడ్ అన్‌ఈవెంట్‌ఫుల్. ఎఫెబ్రైల్ ఎట్ డిశ్చార్జ్. హెచ్‌పీఈ రిపోర్ట్ అవెయిటెడ్.’

చివర నుంచి చదవండి. కొలిసిస్టైటిస్‌లో చివర ఐటిస్, అంటే వాపు. కొలి అంటే పిత్తం, సిస్ట్ అంటే సంచి. పిత్తాశయం వాచింది. కాలిక్యులస్ అంటే రాయి, అంటే రాళ్లు ఉన్నాయి. అక్యూట్, ఉన్నట్టుండి వచ్చింది. రెండో వాక్యంలో చివర ఎక్టమీ ఉంది కాబట్టి పిత్తాశయాన్ని తీసేశారు. రాళ్లను మాత్రమే తీసి సంచిని ఉంచారని చాలామంది అనుకుంటారు, అది కాదు. లాపరోస్కోపిక్ అంటే పొట్ట మీద చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాతో చూస్తూ చేశారు. స్టేటస్ పోస్ట్ అంటే ‘అది అయిన తర్వాత’ అని. అన్‌ఈవెంట్‌ఫుల్ అంటే ఇబ్బందులేమీ రాలేదు, ఇది శుభవార్త. ఎఫెబ్రైల్‌లో మొదటి ‘ఎ’ లేదని చెబుతుంది, ఫెబ్రైల్ అంటే జ్వరం. ఇంటికి పంపేటప్పుడు జ్వరం లేదు.

అందరూ చదవకుండా వదిలేసేది చివరి వాక్యమే. హెచ్‌పీఈ అంటే హిస్టోపథలాజికల్ ఎగ్జామినేషన్. తీసిన భాగాన్ని ల్యాబ్‌లో సన్నటి పొరలుగా కోసి మైక్రోస్కోప్ కింద చూస్తారు. ఆ రిపోర్టు రావడానికి కొన్ని రోజులు పడుతుంది, అప్పటికి రోగి ఇంటికి వెళ్లిపోయి ఉంటాడు. అవెయిటెడ్ అంటే ఇంకా రాలేదు. నొప్పి పోయింది కదా అని ఆ కాగితం తెచ్చుకోనివాళ్లు ఎందరో! ఎక్కువ మందిలో అందులో మామూలు వాపు తప్ప ఏమీ ఉండదు. కానీ అరుదుగా, బయటికి కనబడని క్యాన్సర్ బయటపడేది ఆ కాగితంలోనే. మీ ఇంట్లో ఎవరికైనా ఏ ఎక్టమీ అయినా జరిగి ఉంటే, ఈరోజే ఫైలు తీసి ఆ రిపోర్టు ఉందో లేదో చూడండి. లేకపోతే ఆపరేషన్ చేసినచోట అడిగి తెచ్చుకుని, డాక్టర్‌కి చూపించండి.

ఇక ఈసారి అభ్యాసం. నెఫ్రైటిస్, నెఫ్రోపతీ, నెఫ్రెక్టమీ, నెఫ్రాస్టమీ, ఈ నాలుగిటికీ ఒక్కో వాక్యంలో అర్థం రాయండి. నాలుగూ కిడ్నీకి సంబంధించినవే. వీటిలో జబ్బులు ఏవి, చేసే పనులు ఏవి అన్నది ముందు విడదీసుకుంటే తేలికవుతుంది. తర్వాత హెపటోమెగలీ, మయాల్జియా, హైపర్‌గ్లైసీమియా చూడండి. మయో అంటే కండ అని తప్ప ఇంకే సాయం ఇవ్వడం లేదు, మిగతా ముక్కలన్నీ మీకు వచ్చినవే. జవాబులు వచ్చే పాఠం మొదట్లో ఉంటాయి. ఆ పాఠంలో మందుల చీటీ మీద ఉండే బీడీ, టీడీఎస్, ఎస్‌ఓఎస్ లాంటి పొట్టి అక్షరాలు చదువుదాం. వీలైతే మీ దగ్గరున్న పాత చీటీ ఒకటి పక్కన పెట్టుకోండి.