చిన్న వ్యాపారికి తోడుగా – 3వ పాఠం: చేతిలో డబ్బు ఎందుకు ఆడటం లేదు?

చిన్న వ్యాపారులకు సలహాదారులుగా వెళ్లే మనలాంటివాళ్ల కోసమే ఈ పాఠాలు. పోయిన పాఠంలో వ్యాపారితో మొదటి సమావేశం గురించి చెప్పుకున్నాం. సలహా ఇవ్వకుండా గంటసేపు వినడమే అప్పటి అభ్యాసం. ఎంతమంది నోరు మెదపకుండా ఉండగలిగారో మీకే తెలియాలి! ఈసారి కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి.

రెండో సమావేశంలో తరచుగా వినిపించే మాట ఇది: "లాభం ఉందండీ, కానీ చేతిలో డబ్బు ఆడటం లేదు. లోను ఎక్కడ దొరుకుతుంది?" వెంటనే తెలిసిన బ్యాంకు మేనేజరుకి ఫోన్ కలపాలనిపిస్తుంది. కలపకండి. డబ్బు ఎక్కడ చిక్కుకుందో ముందు చూడాలి.

బ్యాగులు కుట్టించి దుకాణాలకు వేసే ఆవిడ మీ ఎదురుగా కూర్చుందనుకోండి. అడగాల్సినవి నాలుగే ప్రశ్నలు. గుడ్డ వచ్చాక కత్తెర పడేదాకా ఎన్నాళ్లు మూలన పడి ఉంటుంది? 20 రోజులు. కుట్టడానికి? ఇంకో 10. సరుకు వేశాక దుకాణాలవాళ్లు డబ్బు ఎప్పుడిస్తారు? "నెలలో ఇస్తామంటారండీ."

ఇక్కడ ఆగండి. వాళ్లు అన్నది కాదు, ఇచ్చింది కావాలి మనకు. ఖాతా పుస్తకం తెరిపించి, చివరి ఐదు బిల్లుల తేదీలూ వాటికి డబ్బు అందిన తేదీలూ ఆవిడచేతే చదివించండి. సగటు 45 రోజులు తేలిందనుకుందాం. ఆ అంకె పైకి చదువుతున్నప్పుడు ఆవిడ గొంతు మారుతుంది. ఆ క్షణంలో మీరేమీ అనకండి. ఇక నాలుగోది, గుడ్డ ఇచ్చినవాళ్లకి ఆవిడ ఎన్నాళ్లకి కడుతోంది? 15.

20, 10, 45 కలిపితే 75. అందులో గుడ్డ అరువు మీద నడిచే 15 తీసేస్తే 60. గుడ్డ మీద పెట్టిన డబ్బు 60 రోజులదాకా తిరిగి రాదన్నమాట. కుట్టుకూలికైతే ఆ 15 రోజుల అరువు కూడా ఉండదు.

ఈ లెక్క వేయకుండా నేనొకసారి దెబ్బతిన్నాను, నేనంటే నేను కాదు, నా సలహా విన్నాయన. "ఆర్డర్లు పెంచండి, అంతా సర్దుకుంటుంది" అన్నాను. పెంచారు. గడువులు మారకుండా ఆర్డర్లు రెట్టింపైతే ఇరుక్కునే డబ్బూ రెట్టింపవుతుందని నాకు అప్పుడు తట్టలేదు. మూడో నెలలో ఆయన కూలీలకు చేబదులు తెచ్చి ఇచ్చారు.

ఆ 60ని తగ్గించే దారులు ఆవిడే వెతకాలి, మీరు ప్రశ్నలు మాత్రం వేయండి. గుడ్డ ఒకేసారి కాకుండా రెండు విడతలుగా తెస్తే? మూలన ఉండే 20 రోజులు 10కి వస్తే 60 కాస్తా 50 అవుతుంది. కొత్త దుకాణాల దగ్గర కొంత అడ్వాన్స్ అడిగితే? "ముందే ఇస్తే 2 శాతం తగ్గిస్తాను" అంటే? ఇది ఉచితమేమీ కాదు. 45వ రోజున రావాల్సిన 100 బదులు 10వ రోజున 98 తీసుకుంటే, 35 రోజుల ముందు డబ్బు కోసం 98కి 2 వదులుకున్నట్టు. ఏడాది లెక్కన అది సుమారు 21 శాతం వడ్డీ. అంతకంటే తక్కువకి లోను దొరికితే అదే నయం. చూశారా, లోను మాట మళ్లీ వచ్చింది, కాకపోతే ఈసారి లెక్కతో వచ్చింది.

పెన్సిలు ఎవరి చేతిలో ఉందన్నది నా దృష్టిలో లెక్కకంటే ముఖ్యం. అమెరికాలో 1964లో మొదలైన స్కోర్ అనే సంస్థ, రిటైరైన ఉన్నతోద్యోగులను చిన్న వ్యాపారులకు ఉచిత సలహాదారులుగా పంపింది. ఈ పనికి ఇవాళ్టికీ ఎక్కువగా ముందుకొచ్చేది మనలాంటి అనుభవజ్ఞులే. మన చిక్కూ అక్కడే ఉంది, జవాబు నాలుక చివర సిద్ధంగా ఉంటుంది. కూడిక మీరు చేసిపెడితే ఆవిడ తల ఊపి వెళ్లిపోతుంది, వచ్చే నెల అదే ప్రశ్నతో వస్తుంది.

అభ్యాసం: మీకు అప్పగించిన వ్యాపారిచేత ఈ నాలుగు అంకెలూ రాయించండి. అడిగీ అడగ్గానే చెప్పిన అంకె ఒక పక్క, పుస్తకంలో తేలిన అంకె ఇంకో పక్క. తేడా ఎక్కువ ఉన్న వరసకి సున్నా చుట్టించండి. ఆ కాగితం మీరు తెచ్చుకోకండి, వాళ్ల గల్లాపెట్టెలోనే ఉంచమనండి. నాలుగో పాఠంలో దాంతోనే పని.