వెనక్కి తిరిగి చూస్తే తూలుతున్నారా? లోపం వీపులోనా, కాళ్లలోనా

సమస్య: బండి మీద కుడివైపు తిరగబోతూ వెనక్కి చూస్తే హ్యాండిల్ కూడా అటే పోతోంది. నడుస్తుంటే ఎవరైనా పిలిస్తే, ఆగి మనిషి మొత్తం తిరగాల్సి వస్తోంది.

నాకు మొదట బయటపడింది బండి దగ్గరే. అద్దం ఉందిగా అని ఏడాది నెట్టుకొచ్చాను.

కారణం: అందరూ నడుమునే అనుమానిస్తారు. కానీ నడుములోని 5 పూసలు ముందుకీ వెనక్కీ బాగా వంగుతాయి గానీ, మెలి తిరగడం వాటి వల్ల పెద్దగా కాదు. మొండెం తిరిగేది ఎక్కువగా పక్కటెముకలు అతుక్కున్న 12 పూసల దగ్గర. రోజంతా గూనిగా కూర్చునేవాళ్లకి సాధారణంగా బిగుసుకునేది ఆ భాగమే. అది తిరగనంటే భుజం లాగుతుంది, భుజంతో పాటు హ్యాండిల్ వస్తుంది. నిలబడి ఉన్నప్పుడైతే బరువంతా ఒక కాలి మీదికి జారి తూలతాం.

తేల్చుకోవడం: కుర్చీలో కూర్చుని, మోకాళ్ల మధ్య దిండు నొక్కిపట్టి, చేతులు ఛాతీ మీద కట్టుకుని తిరగండి. దిండు కదలకూడదు. రెండు వైపులా భుజాలు 45 డిగ్రీల దాకా వస్తే వీపు బాగున్నట్టే.

పరిష్కారం: పక్కకి పడుకుని, మోకాళ్లు మడిచి ఒకదాని మీద ఒకటి పెట్టండి. పై చేతిని పుస్తకం తెరిచినట్టు వెనక్కి వాల్చండి, ఊపిరి వదులుతూ. మోకాలు లేచిందంటే దొంగ లెక్కే. ఒక్కో వైపు 8 సార్లు. లేచిన వెంటనే వంటగది గట్టు దగ్గర పాదాలు దగ్గరగా పెట్టి నిలబడి, అటూ ఇటూ తిరిగి చూడండి. ఎక్కువమంది వదిలేసేది ఈ రెండో సగమే. వీపు వదులైనంత మాత్రాన, తిరిగిన చోట నిలదొక్కుకోవడం ఒంటికి దానంతటదే రాదు.

సమస్య: అరలో లోపలున్న డబ్బా కోసం చెయ్యి చాస్తే అడుగు ముందుకు పడిపోతోంది.

గోడ పక్కన నిలబడి, చేతిని భుజం ఎత్తుకి లేపి పిడికిలి ఉన్నచోట గుర్తు పెట్టండి. పాదాలు కదపకుండా, మడమలు లేపకుండా ఎంత ముందుకు పోతే అంత. 25 సెంటీమీటర్లు దాటితే నిశ్చింత. 15 లోపే ఆగితే పడే ప్రమాదం ఎక్కువ. దిండు పరీక్ష నెగ్గి ఇందులో తప్పారంటే వీపుని వదిలేసి కాళ్లు చూసుకోండి: గట్టు పట్టుకుని మునివేళ్ల మీద లేవడం, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం. నిలబడి ప్యాంటు వేసుకోలేకపోయినా ముందు ఇవే.

వీటితో కుదరనివి: తల తిప్పగానే గది గిర్రున తిరిగితే అది చాలాసార్లు లోపలి చెవి గొడవ. పాదాలు మొద్దుబారితే షుగర్ చూపించుకోవాలి. ఎముకలు గుల్లబారినవాళ్లు డాక్టర్ని అడక్కుండా వంగి మెలితిరిగే పనులు పెట్టుకోవద్దు.